నాన్న రిపోర్టులో ‘ఆర్’

మే నెలలో మా నూజివీడులో ఎవరికీ జ్వరం రాకూడదు. వచ్చినా పడుకునే తీరిక ఉండదు. చిన్న రసాలు కోతకొచ్చి ఉంటాయి. గాలివాన ఎప్పుడు పడుతుందో తెలీదు. కూలీలు ఇవాళ దొరికితే రేపు దొరకరు. సరిగ్గా అలాంటి టైంలో నాన్నకి చలిజ్వరం పట్టుకుంది. దాంతోపాటు మూత్రంలో మంట. “వేడి చేసిందిలే, మజ్జిగ తాగితే అదే పోతుంది” అంటూ రెండు రోజులు తోటలోనే తిరిగారు.

మూడో రోజు ఓపిక లేక మందుల షాపులో అడిగి ఒక స్ట్రిప్ తెచ్చుకున్నారు. సిప్రోఫ్లాక్ససిన్. 500 మిల్లీగ్రాములు, పది మాత్రలు. రెండు వేసుకోగానే కాస్త తేలిగ్గా అనిపించింది. మిగిలినవి గూట్లో పెట్టేశారు. మన ఇళ్లలో యాంటీబయోటిక్ కోర్సు అంటే అంతే కదా, జ్వరం తగ్గితే కోర్సు అయిపోయినట్టే!

వారం తిరక్కుండా జ్వరం మళ్లీ వచ్చింది. ఈసారి గట్టిగా. అమ్మ గొంతు వినగానే హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కేశాను. నాన్నని విజయవాడ ఆసుపత్రిలో చేర్చాం. యూరిన్ కల్చర్ చేశారు. మూడో రోజు రిపోర్టు నా వాట్సాప్‌కి వచ్చింది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. టెస్ట్ రిపోర్టులు చూడటమే నా పొట్టకూడు. ఇది కూడా అచ్చం అలాగే ఉంది. ఎడమవైపు మందుల పేర్లు, కుడివైపు ఒక్కో అక్షరం. ‘ఎస్’ అంటే ఆ మందుకి బ్యాక్టీరియా లొంగుతుంది. ‘ఆర్’ అంటే రెసిస్టెంట్, లొంగదు. నేను వేలితో కిందికి జరుపుతూ పోతున్నా... ఆర్. ఆర్. ఆర్. సిప్రోఫ్లాక్ససిన్ పక్కన కూడా ఆర్. నాన్న ఒంట్లో ఉన్నది ఈ.కొలై అనే మామూలు బ్యాక్టీరియానే. కానీ మామూలు మందులు దానికి పనిచేయవు. అడుగున ఎక్కడో రెండు మూడు ‘ఎస్’లు కనిపించాయి. అన్నీ సెలైన్ ద్వారా ఎక్కించే ఖరీదైన ఇంజెక్షన్లే.

ఏడు రోజులు మెరోపెనెం ఎక్కించారు. నాన్న కోలుకున్నారు. రసాలు మాత్రం సగం చెట్టు మీదే పండి రాలిపోయాయి.

ఈ కాలమ్‌లో ఎప్పుడూ యాప్‌లు, ఫోన్లు, ఉద్యోగాల గురించి కబుర్లు చెప్పేవాడు ఇవాళ రోగాల గురించి మొదలెట్టాడేంటి అనుకుంటున్నారా? అసలు కథ దీని తర్వాతే మొదలైంది.

కమోడ్‌లో ఎనిమిది మాత్రలు

ఆసుపత్రి ఫైళ్లతో పాటు ఆ సిప్రో స్ట్రిప్ కూడా నా బ్యాగులో పడి హైదరాబాద్ వచ్చేసింది. ఇంకా ఎనిమిది మాత్రలున్నాయి. చూస్తేనే చిరాకేసింది. ఒక్కోటి నొక్కి కమోడ్‌లో వేసి ఫ్లష్ కొట్టేశాను. నీళ్లు గిర్రున తిరిగి శుభ్రంగా వెళ్లిపోయాయి.

తర్వాత ఒక ప్రశ్న బుర్రని పట్టుకుని వదల్లేదు. ఇవి ఎక్కడికి వెళ్లాయి?

మాత్రని కమోడ్‌లో వేయక్కర్లేదు, మింగినా చివరికి చేరేది అక్కడికే. సిప్రోఫ్లాక్ససిన్‌లో దాదాపు సగం ఒంట్లో ఏ మార్పూ లేకుండా మూత్రంలో బయటికి వచ్చేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు రోజూ వేసుకునే మెట్‌ఫార్మిన్ అయితే ఒంట్లో అసలు విరగదు. రక్తంలోకి చేరింది చేరినట్టే మూత్రంలో దిగిపోతుంది. ఇంటింటికీ ఒక షుగర్ పేషెంట్ ఉన్న రోజులివి. ఊరి మురుగుకాలువని పరీక్షిస్తే ఊరి మందుల డబ్బా మొత్తం బయటపడుతుంది.

ఇది ఊరికే అన్న మాట కాదు. 2020లో కరోనా టైంలో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరంలోని మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి శాంపిళ్లు తీసి, అందులోని వైరస్ ఆనవాళ్లను బట్టి దాదాపు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా కట్టారు. మనం డాక్టర్ దగ్గర దాచినవి కూడా డ్రైనేజీ దగ్గర దాగవు.

టెస్ట్ కేస్ రాయని బగ్

మురుగునీటి శుద్ధి కేంద్రం, అంటే ఎస్‌టీపీ, పనిచేసే తీరు చాలా సింపుల్. ముందు జల్లెడలో చెత్త ఆపుతారు. తర్వాత ఇసుక, మడ్డి అడుగుకి దిగనిస్తారు. ఆ తర్వాత పెద్ద ట్యాంకులో గాలి బుడగలు కొడుతూ బ్యాక్టీరియాని పెంచుతారు. మలమూత్రాలు, అన్నం, నూనె లాంటి వాటిని ఆ బ్యాక్టీరియా తినేస్తుంది. తిని బలిసిన బ్యాక్టీరియా బురదలా కిందికి దిగుతుంది. పైన తేరిన నీళ్లని నదిలోకో చెరువులోకో వదులుతారు.

ఆ నీళ్లు బాగున్నాయా లేదా అని చూడటానికి కొలిచేవి కూడా కొన్నే. బీఓడీ, అంటే మిగిలిన మురికిని తినడానికి సూక్ష్మజీవులకి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క. సీఓడీ, తేలే మడ్డి, పీహెచ్ లాంటివి. ఇవి పాసైతే నీళ్లు పాస్.

నా భాషలో చెప్పాలంటే, సిప్రోఫ్లాక్ససిన్‌కి ఎవరూ టెస్ట్ కేస్ రాయలేదు. టెస్ట్ కేస్ లేని చోట బగ్ ఎప్పటికీ కనపడదు. డ్యాష్‌బోర్డ్ పచ్చగానే ఉంటుంది.

అలాగని ఎస్‌టీపీలు మందుల్ని అసలు తీయవని కాదు. మందుని బట్టి ఉంటుంది. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ బ్యాక్టీరియాకి ఇష్టమైన తిండి, చాలావరకు తినేస్తుంది. నొప్పులకి వాడే డైక్లోఫెనాక్‌లో కొంతే పోతుంది. ఫిట్స్‌కి వాడే కార్బమజెపిన్ అయితే మొండిఘటం. ఎస్‌టీపీలోకి ఎంత వెళ్లిందో దాదాపు అంతా బయటికొస్తుంది. ఇక మన సిప్రో వ్యవహారమే వేరు. అది నీళ్లలో తక్కువైనట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి బురదకి అంటుకుని కూర్చుంటుంది. ఆ బురదని ఎండబెట్టి ఎరువుగా పొలానికి తోలితే సిప్రో కూడా ట్రాక్టరెక్కి పొలానికొస్తుంది. బగ్‌ని ఫిక్స్ చేయకుండా వేరే మాడ్యూల్‌లోకి నెట్టడం అంటారు దీన్ని. మా టీంలో ఎవరైనా అలా చేస్తే ఊరుకోం.

మా నాయనమ్మ వానాకాలం కాలవ నీళ్లని చిల్లగింజతో తేర్చేది. గింజని రాతి మీద అరగదీసి బిందెలో కలిపితే కాసేపటికి ఒండ్రు అడుగుకి దిగి, పైన అద్దంలాంటి నీళ్లు. ఆ గింజ బురదని దింపుతుంది గానీ నీళ్లలో కరిగిపోయిన ఉప్పుని దింపలేదు. మందు కూడా ఉప్పులాంటిదే, కరిగిపోయి ఉంటుంది. నీళ్లు తేరడం వేరు, బాగుపడటం వేరు.

ఒక బిందెలో ఒక మాత్ర

ఇక్కడిదాకా చదివి ‘అయితే తప్పంతా మన కమోడ్‌లదే’ అనుకోకండి. నేనూ రెండు రోజులు అలాగే అనుకుని గిల్టీగా తిరిగా. తర్వాత పటాన్‌చెరు లెక్క చూశాను.

హైదరాబాద్‌కి మందుల తయారీ కొత్త కాదు. 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్ ఇక్కడ ప్లాంటు పెట్టింది. అక్కడ పని నేర్చుకున్నవాళ్లలో కొందరు తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల చుట్టూ బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలు వరసగా వెలిశాయి. బల్క్ డ్రగ్ అంటే మాత్రలో ఉండే అసలు మందు పొడి. ప్రపంచానికి చౌకగా మందులు అందడంలో ఈ ఏరియాది పెద్ద చెయ్యి. దాంతోపాటు వ్యర్థ జలాలు నక్కవాగులోకి, అక్కడినుంచి మంజీర వైపు పోయాయి. పంటలు పోయిన రైతుల గోడుతో 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాళ్లకి నష్టపరిహారం ఇవ్వాలని ఆదేశాలు కూడా వచ్చాయి.

ఫ్యాక్టరీల నీళ్లన్నీ ఒకచోట చేర్చి శుద్ధి చేయడానికి పటాన్‌చెరులో ఒక ఉమ్మడి కేంద్రం ఉండేది. దాదాపు 90 బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల నుంచి ట్యాంకర్లలో నీళ్లు అక్కడికి వచ్చేవి. రోజుకి సుమారు 15 లక్షల లీటర్లు. స్వీడన్‌కి చెందిన జోకిమ్ లార్సన్ బృందం అక్కడ శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీళ్లని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. గుర్తుపెట్టుకోండి, శుద్ధికి ముందు కాదు, శుద్ధి అయ్యాక.

ఒక్క సిప్రోఫ్లాక్ససినే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది.

ఈ అంకె నాకు మొదట ఏమీ అనిపించలేదు. అందుకే ఇంట్లో వస్తువులతో లెక్కేసుకున్నా. మా ఇంట్లో బిందెకి పదహారు లీటర్లు పడతాయి. పదహారు ముప్పై ఒకట్లు 496. నాన్న వేసుకున్న మాత్ర 500 మిల్లీగ్రాములు. అంటే ఒక్క బిందెడు నీళ్లలో ఒక పూర్తి మాత్ర! ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో మందు పీక్‌లో ఉన్నప్పుడు కూడా లీటరుకి రెండు మూడు మిల్లీగ్రాములే ఉంటుంది. ఆ వాగులోకి పోతున్న నీళ్లలో, మందు వేసుకున్న మనిషి రక్తంలో కంటే పది రెట్లు ఎక్కువ మందు ఉంది.

మొత్తం కలిపితే రోజుకి 45 కిలోల సిప్రో అని ఆ పరిశోధకులే లెక్క కట్టారు. స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మందు అది. మాత్రల్లో చెప్పాలంటే రోజుకి 90 వేలు.

నేను కమోడ్‌లో వేసింది ఎనిమిది.

గిల్ట్ పోయింది. దాని స్థానంలో భయం వచ్చింది.

బ్యాక్టీరియాకి కోచింగ్ సెంటర్

ఎందుకు భయం? నీళ్లలో ఉన్న సిప్రో మనల్ని నేరుగా చంపేయదు. అది బ్యాక్టీరియాకి పాఠం చెబుతుంది.

కోట్ల బ్యాక్టీరియా ఉన్న నీళ్లలో యాంటీబయోటిక్ వేస్తే లొంగేవన్నీ చచ్చిపోతాయి. ఎక్కడో ఒకటి రెండు మొండివి మిగులుతాయి. తిండి అంతా వాటిదే, చోటంతా వాటిదే. రాత్రికి రాత్రి అవే కోట్లవుతాయి. అంతకంటే ఘోరం ఏంటంటే, ఆ మొండితనపు జీన్‌ని ఒక బ్యాక్టీరియా పక్కదానికి కాపీ చేసి ఇవ్వగలదు. అది వేరే జాతిదైనా సరే! మనం పెన్‌డ్రైవ్‌లో సినిమా పంచుకున్నంత తేలిగ్గా. ఎస్‌టీపీలోనేమో బ్యాక్టీరియాని మనమే తిండి పెట్టి, గాలి కొట్టి పెంచుతున్నాం. అందులోకి యాంటీబయోటిక్ కూడా పోస్తే అది శుద్ధి కేంద్రం కాదు, బ్యాక్టీరియాకి కోచింగ్ సెంటర్.

సిప్రో విషయంలో రెసిస్టెన్స్ పెరగకుండా ఉండాలంటే నీళ్లలో లీటరుకి 0.064 మైక్రోగ్రాములు దాటకూడదని శాస్త్రవేత్తలు 2016లో ఒక హద్దు సూచించారు. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. పటాన్‌చెరులో దొరికింది దానికి దాదాపు ఐదు లక్షల రెట్లు.

2016 నవంబర్‌లో జర్మన్ పరిశోధకులు హైదరాబాద్ చుట్టుపక్కల 28 చోట్ల నీళ్లు తీసి పరీక్షించారు. ఫంగస్ మందు ఫ్లుకోనజోల్ ఒకచోట లీటరుకి 237 మిల్లీగ్రాములు దొరికింది. ఆ నీళ్లలో మొండి బ్యాక్టీరియా కూడా విస్తారంగా ఉంది. నాన్నకి ఎక్కించిన మెరోపెనెం కార్బపెనెం అనే కుటుంబంలోది, అంటే చివరి అస్త్రాల్లో ఒకటి. ఆ కుటుంబాన్నే ఓడించే బ్యాక్టీరియా కూడా వాళ్లకి అక్కడ దొరికింది.

నాన్న ఒంట్లోని ఈ.కొలై పటాన్‌చెరు నుంచే వచ్చిందని నేను అనను. బ్యాక్టీరియాకి ఆధార్ కార్డు ఉండదు. రెండు మాత్రలు వేసుకుని ఆపేసిన అలవాటుది కొంత, చీటీ లేకుండా అమ్మిన షాపుది కొంత, కోళ్లకీ చేపలకీ వాడే యాంటీబయోటిక్స్‌ది కొంత, ఇలాంటి నీళ్లది కొంత. అన్నీ కలిసి ఒక ‘ఆర్’ అయింది.

రూలు వచ్చినట్టే వచ్చి...

ఫ్యాక్టరీలకి టెస్ట్ కేస్ రాసే ప్రయత్నం ఒకసారి జరిగింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చింది. బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల నుంచి బయటికి వదిలే నీళ్లలో వందకు పైగా యాంటీబయోటిక్స్‌కి విడివిడిగా పరిమితులు పెట్టింది. ప్రపంచంలో మరే దేశమూ అప్పటికి అంత దూరం వెళ్లలేదు. కంపెనీల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ యాంటీబయోటిక్ పట్టిక మాయమైంది.

2024 సెప్టెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయోటిక్ ఫ్యాక్టరీల వ్యర్థాలపై మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ మార్గదర్శకం మార్గదర్శకమే, చట్టం కాదు. పాటించకపోతే అడిగేవాళ్లు ఉండరు.

పటాన్‌చెరు నీళ్ల సంగతేమైందంటే, తర్వాత పైపులైను వేసి అంబర్‌పేట ఎస్‌టీపీ వైపు మళ్లించారు, ఊరి మురుగుతో కలిసేలా. చాలా ఫ్యాక్టరీలు సొంతంగా జెడ్‌ఎల్‌డీ పెట్టుకున్నాయి. అంటే నీళ్లని వడగట్టి, ఆవిరి చేసి, మళ్లీ వాడుకుని, చుక్క కూడా బయటికి వదలని పద్ధతి. సరిగ్గా నడిపితే మంచి దారి అదే. ఊరి మురుగులో కలపడం మాత్రం నాకు మింగుడు పడదు. పులుసులో ఉప్పెక్కువైతే నీళ్లు పోస్తాం. రుచి మారుతుంది గానీ ఉప్పు అంతే ఉంటుంది.

మరి తీయొచ్చా?

తీయొచ్చు. ఇందులో రాకెట్ సైన్స్ లేదు. మూడు దారులున్నాయి.

మొదటిది ఓజోన్. మూడు ఆక్సిజన్ పరమాణువులు కలిసిన వాయువు. తేర్చిన నీళ్లలోకి దీన్ని పంపితే మందు అణువుల్ని ముక్కలు చేస్తుంది. మొండిఘటం అన్నానే, ఆ కార్బమజెపిన్ కూడా దీని ముందు నిలబడదు. ముక్కలు కూడా కొన్ని మంచివి కావు కాబట్టి, తర్వాత ఇసుక ఫిల్టర్‌లో బ్యాక్టీరియాతో తినిపిస్తారు. కరెంటు ఖర్చు ఎక్కువ.

రెండోది బొగ్గు. యాక్టివేటెడ్ కార్బన్. మన కొబ్బరి చిప్పల నుంచి కూడా చేస్తారు. బాగా కాల్చి, ఆవిరి పట్టించి, లోపలంతా కంటికి కనపడని కన్నాలు చేస్తారు. ఒక్క గ్రాము బొగ్గులో ఆ కన్నాల గోడలన్నీ పరిస్తే సుమారు వెయ్యి చదరపు మీటర్లు. మా ఊరి లెక్కలో చెప్పాలంటే పాతిక సెంట్ల స్థలం! మందు అణువులు వచ్చి ఆ గోడలకి అతుక్కుంటాయి. గోడలు నిండాక బొగ్గు మార్చాలి, లేదా మళ్లీ కాల్చాలి.

మూడోది మెంబ్రేన్, అంటే మన ఇంట్లో ఆర్వో లాంటిది. దాదాపు అన్నిటినీ ఆపుతుంది. కానీ ఆపినవన్నీ రిజెక్ట్ నీళ్లలో చిక్కగా మిగులుతాయి. వాటినేం చేయాలనేది మళ్లీ ఇంకో ప్రశ్న.

స్విట్జర్లాండ్ 2016 నుంచి దీన్ని చట్టం చేసింది. ఎంపిక చేసిన పెద్ద ఎస్‌టీపీల్లో ఓజోన్ గానీ బొగ్గు గానీ పెట్టి, ఇలాంటి రసాయనాల్లో 80 శాతం తీసేయాలి. డబ్బు కోసం ఏడాదికి మనిషికి 9 ఫ్రాంకుల దాకా వసూలు. యూరోపియన్ యూనియన్ ఇంకో అడుగేసింది. 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం 2045 నాటికి పెద్ద ఎస్‌టీపీలన్నిటిలో ఈ అదనపు దశ ఉండాలి. ఆ ఖర్చులో కనీసం 80 శాతం మందులు, కాస్మెటిక్స్ అమ్మే కంపెనీలే భరించాలి. కంపెనీలు కోర్టుకెక్కాయనుకోండి, అది వేరే సంగతి. కానీ ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నని చట్టంలో రాయడమే పెద్ద విషయం.

మనం రేపే అలా చేసేద్దామా? ఇక్కడ కొంచెం నిజాయితీగా మాట్లాడుకోవాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 లెక్కల ప్రకారం మన నగరాలు, పట్టణాల్లో రోజుకి 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతోంది. అందులో నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 మిలియన్ లీటర్లే. మిగిలింది నేరుగా వాగుల్లోకే. మా నూజివీడులో అయితే ఇంటికో సెప్టిక్ ట్యాంకు. అది నిండితే ట్యాంకర్ పిలుస్తాం. ట్యాంకర్ ఊరి బయటికి వెళ్లాక ఎక్కడ ఖాళీ చేస్తారని మేం అడగం, వాళ్లూ చెప్పరు.

కాబట్టి మన ఇళ్ల మురుగుకి మొదటి పని ఓజోన్ కాదు. ఉన్న మురుగుని ముందు ఎస్‌టీపీ గేటు దాకా తీసుకెళ్లడం. హైదరాబాద్‌లో 31 కొత్త ఎస్‌టీపీలు 3,866 కోట్లతో చేపట్టింది అందుకే. ఆసుపత్రుల దగ్గరా, పెద్ద ప్లాంట్ల దగ్గరా బొగ్గు దశకి ఇప్పుడే చోటు వదిలి కడితే, రేపు గోడలు పగలగొట్టే ఖర్చు తప్పుతుంది.

ఫ్యాక్టరీల సంగతి వేరు. అక్కడ వాయిదా వేయడానికి సాకు లేదు. కోటి మంది మూత్రంలో కలిసిన మైక్రోగ్రాముల్ని వెతికి తీయడం కష్టం, ఖరీదు. ఒక్క పైపులో చిక్కగా వచ్చే మిల్లీగ్రాముల్ని అక్కడే ఆపడం తేలిక. బగ్‌ని ప్రొడక్షన్‌లో పట్టుకోవడం కంటే రాసినచోటే పట్టుకోవడం చవక. ఇది ఫ్రెషర్‌కి కూడా తెలుసు.

ఇప్పుడే ఎందుకు గొంతు చించుకుంటున్నానంటే, అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర మన రాష్ట్రానికి బల్క్ డ్రగ్ పార్క్ వస్తోంది. పరవాడ ఫార్మా సిటీ ఎలాగూ ఉంది. ఉద్యోగాలొస్తాయి, మా తమ్ముళ్లు చెల్లెళ్లు అక్కడ పనిచేస్తారు, సంతోషం. పునాదులు పడేటప్పుడే ‘బయటికొచ్చే నీళ్లలో యాంటీబయోటిక్ ఎంత?’ అన్న కాలమ్ ఆ డ్యాష్‌బోర్డ్‌లో పెట్టించుకుంటే, ముప్పై ఏళ్ల తర్వాత సముద్రంలో వేటకెళ్లేవాళ్లు కోర్టు మెట్లెక్కే పని ఉండదు. ఇప్పుడు ఇలాంటి ఫ్యాక్టరీల పైపులకి పెట్టే ఆన్‌లైన్ మీటర్లు పీహెచ్, సీఓడీ లాంటివి చెబుతాయి గానీ సిప్రో ఎంతుందో చెప్పవు.

మన చేతిలో ఉన్నవి

ఫోన్‌లో చదువుతున్నారు కాబట్టి చిన్నగా చెప్తా.

జలుబుకి, మామూలు వైరల్ జ్వరానికి యాంటీబయోటిక్ పనిచేయదు. షాపతన్ని “ఒక స్ట్రిప్ ఇవ్వన్నా” అని అడగకండి. డాక్టర్ రాస్తే, ఆయన చెప్పినన్ని రోజులు వాడండి. మధ్యలో ఆపాలనిపిస్తే ఆయన్నే అడిగి ఆపండి.

మిగిలిన మాత్రలు నాలా కమోడ్‌లో వేయకండి. కేరళలో 2025లో కోజికోడ్‌లో ‘ఎన్‌ప్రౌడ్’ పేరుతో పాత మందులు వెనక్కి తీసుకునే కార్యక్రమం మొదలైంది. మన మున్సిపాలిటీలని, మందుల షాపులని అదే అడుగుదాం. ఒక మినహాయింపు ఉంది. గట్టి నార్కోటిక్ నొప్పిమందుల్లాంటి 17 రకాలు ఇంట్లో ఎవరి చేతికైనా దొరికితే ప్రాణాపాయం కాబట్టి, వాటిని మాత్రం ఫ్లష్ చేయమని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025లో చెప్పింది. యాంటీబయోటిక్స్ ఆ లిస్టులో లేవు.

మీ అపార్ట్‌మెంట్‌లో ఎస్‌టీపీ ఉంటే ఒక్కసారి కిందికి దిగి చూడండి. అసలు నడుస్తోందా, లేక అసోసియేషన్ మీటింగ్ రోజే ఆన్ చేస్తున్నారా అని.

కెమికల్, సివిల్, ఎన్విరాన్‌మెంటల్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ప్రాజెక్టు టాపిక్ కోసం వెతుకుతుంటే ఇదిగో టాపిక్. నీళ్లలో యాంటీబయోటిక్‌ని చవగ్గా కొలిచే సెన్సర్ ఎవరైనా చేస్తే, దానికి యాప్ నేను ఫ్రీగా రాసిస్తా. ఒట్టు.

నాన్న ప్రశ్న

ఇదంతా మొన్న ఇంటికెళ్లినప్పుడు నాన్నకి చెప్పాను. బిందె లెక్క చెప్పగానే ఆయన వీవెన పక్కన పెట్టేశారు. కాసేపాగి, “ఏరా, మరి నాకు ఎక్కించిన ఆ ఇంజెక్షన్ ఎక్కడ చేశారు?” అని అడిగారు.

నా దగ్గర ఖాళీ సీసా ఫొటో ఉంది, బిల్లు కోసం తీసింది. జూమ్ చేసి చూశా. లేబుల్ మీద అడ్రస్: సంగారెడ్డి జిల్లా, తెలంగాణ. పటాన్‌చెరు ఉన్న జిల్లా.

“అయితే వాళ్లని తిట్టకురా. మూసేయమని కూడా రాయకు. శుభ్రంగా చేయమని రాయి” అన్నారు నాన్న.

అందుకే ఇలా రాశాను.

తిరిగొచ్చేటప్పుడు అమ్మ అట్టపెట్టెలో గడ్డి పరిచి రసాలు సర్దిచ్చింది. హైదరాబాద్ వచ్చి రూమ్మేట్లందరం జుర్రుకున్నాక సింకు పక్కన టెంకలు గుట్టయ్యాయి. మామిడి టెంకల నుంచి కూడా నీళ్లని శుద్ధిచేసే బొగ్గు చేయొచ్చని ల్యాబుల్లో ప్రయోగాలు జరిగాయి. సీజన్‌లో జ్యూస్ ఫ్యాక్టరీల దగ్గర టెంకలు కొండల్లా పడుంటాయి.

ఒక్క గ్రాముకి పాతిక సెంట్లు! నాన్నకి చెబితే, “ఆ రేటుకి భూమి ఎక్కడ దొరుకుతుందిరా” అని నవ్వారు. జ్వరం తర్వాత ఆయన అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.